విడిదింట చరిత్ర

ఫలక్ అంటే ఆకాశం. నుమా అంటే తలపించేది. హైదరాబాదు నగరానికి దక్షిణాన, చార్మినారుకు సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, ఒక గుట్టమీద నిలిచిన విశాల సౌధానికి ఆ రెండు మాటలూ కలిసి పేరయ్యాయి. పాయిగా ప్రభువంశీయుడైన నవాబు వికారుల్ ఉమ్రా 1884 మార్చి 3న దానికి శంకుస్థాపన చేయించాడు. ఆయన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ సోదరిని వివాహమాడినవాడు; తరువాతి కాలంలో సంస్థానానికి ప్రధానమంత్రిగా పనిచేసినవాడు. భవననిర్మాణానికీ, అలంకరణకూ ఏళ్ళకేళ్ళు పట్టాయి. ఇటలీ నుంచి చలువరాయి వచ్చింది. రంగుటద్దాలు, షాండిలియర్లు, కొయ్యచెక్కడాల సామగ్రి దేశదేశాల నుంచి ఓడలెక్కి వచ్చాయి. వ్యయం నవాబు స్థోమతను మించిపోయింది. చివరకు ఆ సౌధం 19వ శతాబ్ది ముగియక ముందే నిజాం పరమై, రాజ్యానికి వచ్చే గొప్ప అతిథులకు విడిదిల్లు అయింది.

ఆ విడిదిలో బస చేసిన చివరి ప్రముఖ అతిథి భారత ప్రథమ రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ అని చెబుతారు. అది 1951వ సంవత్సరం. ఆ తరువాత తలుపులు మూతబడ్డాయి. రాజ్యాలు పోయాయి, రాజభరణాలు పోయాయి. నూటొక్కమంది ఒకేసారి కూర్చుని భుజించగల భోజనపు బల్ల చుట్టూ కుర్చీలు ఖాళీగా మిగిలాయి. దశాబ్దాల తరువాత తాజ్ హోటళ్ళ సంస్థ ఆ సౌధాన్ని లీజుకు తీసుకుంది. నిజాం వారసుడు ముకరంజాకు పూర్వం భార్యగా ఉన్న ఎస్రా పర్యవేక్షణలో సుమారు పదేళ్ళపాటు పునరుద్ధరణ సాగింది. 2010 నవంబరులో ఫలక్‌నుమా హోటలుగా తిరిగి తలుపులు తెరిచింది.

జీర్ణసౌధాన్ని ఉద్ధరించడమంటే పగుళ్ళు పూడ్చి రంగులు వేయడమే అనుకునేవారు చాలామంది. నిజానికి అది సగం పని మాత్రమే. భవనం దేహమైతే, అందులోని చిత్రాలు, శిల్పాలు, గ్రంథాలు, తివాచీలు, దీపాలు, కుర్చీలు దాని జ్ఞాపకాలు. దేహాన్ని బాగుచేసి జ్ఞాపకాన్ని పోగొడితే మిగిలేది అందమైన డొల్ల. ఏ వస్తువును ఉంచాలి, ఎక్కడ ఉంచాలి, ఎంత బాగుచేయాలి, ఏ కొత్త చిత్రాన్ని తేవాలి, దేన్ని గోడకెక్కించక భద్రపరచాలి అన్న నిర్ణయాలు చేసే వ్యక్తిని క్యూరేటర్ అంటారు. ఆ మాటకు మూలమైన లాటిన్ పదానికి శ్రద్ధ, సంరక్షణ అని అర్థం. అలంకరించేవాడు గోడకు తగిన చిత్రాన్ని వెదుకుతాడు. సంరక్షించేవాడు చిత్రానికి తగిన గోడను వెదుకుతాడు. ఈ రెండు పనులకూ మధ్య ఉన్న దూరం చాలా పెద్దది.

ఈ పనిలో మొదటిది అందానికి సంబంధించినది కాదు, లెక్కకు సంబంధించినది. మూతబడిన గదిని తెరిచిన నాడే ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య ఇవ్వాలి. కొలతలు రాయాలి. ఛాయాచిత్రం తీయాలి. ఎక్కడ పగిలింది, ఎక్కడ చెదపట్టింది, ఎక్కడ రంగు రాలింది అన్నది నమోదు చేయాలి. అది ఎవరు చేసినది, ఎప్పుడు కొన్నది, ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వచ్చినది అన్న వంశచరిత్రను వీలైనంత వరకు కూర్చాలి. ఈ పట్టిక లేనిచోట రెండు ప్రమాదాలు పొంచి ఉంటాయి. ఒకటి, అసలు వస్తువు ఏ చీకటిరాత్రో మాయమైనా అడిగేవారుండరు. రెండు, నిన్నమొన్న బజారులో కొన్న నకలు కొన్నాళ్ళకు నవాబుగారి నాటి వస్తువుగా చలామణీ అవుతుంది. మొదటిది దొంగతనం, రెండవది అబద్ధం. చరిత్రకు రెండింటివల్లా జరిగే నష్టం సమానమే.

పట్టిక తరువాత సాక్ష్యం. ఏ గదిలో ఏ వస్తువు ఏ మూలన ఉండేదో ఊహించి చెప్పరాదు. ఈ విషయంలో హైదరాబాదుకు ఒక అదృష్టం ఉంది. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ తన కాలపు సౌధాలనూ, వాటి లోపలి గదులనూ తన కెమెరాతో పట్టి నిలిపాడు. ఫలక్‌నుమా కూడా ఆయన చిత్రాలలో ఉంది. ఆనాడు అవి ప్రభువుల వైభవాన్ని చాటడానికి తీసినవి. నూరేళ్ళు గడిచేసరికి అవే సాక్ష్యపత్రాలయ్యాయి. తెర ఏ మడతలో వేలాడేదో, దీపం ఏ ఎత్తున ఉండేదో, రెండు కుర్చీల నడుమ ఎంత ఎడముండేదో అటువంటి బొమ్మను చూచి చెప్పవచ్చు. ఒక కళారూపం మరొక కళారూపాన్ని కాపాడడమంటే ఇదే.

అయితే హోటలు మ్యూజియం కాదు. చిక్కంతా ఇక్కడే వస్తుంది. 1951లో ప్రజలకోసం తెరిచిన సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కా పాలరాతి శిల్పాన్ని చూచేవారు కొంతసేపు నిలిచి ముందుకు సాగిపోతారు. కాపలావారుంటారు. సాయంకాలానికి తలుపులు మూస్తారు. హోటలులో మనుషులు వస్తువుల నడుమనే తింటారు, నిద్రిస్తారు, వేడుకలు చేసుకుంటారు. పెట్టెల చక్రాలు గోడల అంచులకు తగులుతాయి. పిల్లలు పరుగెత్తుతారు. పెళ్ళివిందుల ఆవిరీ, పొగా గదులలో వ్యాపిస్తాయి. అతిథి కోరేది సుఖం. చిత్రం కోరేది నిలకడ. ఈ రెండు కోరికలూ ఒకే గదిలో ఇమిడేటట్లు చూడడమే క్యూరేటర్ నేర్పు.

వెలుతురునే తీసుకుందాం. ఒక్క కొవ్వొత్తి నుంచి మీటరు దూరాన పడే వెలుతురును స్థూలంగా 1 లక్స్ అనవచ్చు. కాగితంమీది నీటిరంగుల చిత్రాలకూ, పట్టువస్త్రాలకూ 50 లక్స్‌కు మించిన వెలుతురు తగదని సంరక్షణశాస్త్రం చెబుతుంది. తైలవర్ణ చిత్రాలు 200 లక్స్ వరకు ఓర్చుకుంటాయి. వెలుతురు చేసే హాని ఏనాటికానాడు కూడుకుంటూ పోతుంది. వెలిసిన రంగు చీకటిలో పెట్టినా తిరిగి రాదు. గాలిలోని తేమ మరొక శత్రువు. వేసవిలో ఎండిన కొయ్య సంకోచిస్తుంది. వానకాలంలో తేమను పీల్చి ఉబ్బుతుంది. దానిమీది రంగు ఆ కదలికకు తాళలేక పెచ్చులూడుతుంది. అతిథి గదిలో చల్లదనపు యంత్రాన్ని ఒక పూట నడిపి ఒక పూట ఆపితే మనిషికి ఇబ్బంది ఉండదు. గోడమీది పాతచిత్రానికి మాత్రం అది రోజూ రెండు రుతువులు మారినంత బాధ. అందుకే వివేకవంతుడైన క్యూరేటర్ నాజూకైన వస్తువులను అతిథి గదులలో పెట్టడు. వాటిని గ్రంథాలయంవంటి నిశ్శబ్దస్థలాలకు చేర్చి, గదులలో దృఢమైన వాటినో, నకలు అని స్పష్టంగా రాసిన ప్రతులనో ఉంచుతాడు.

మరమ్మతులోనూ ఒక ధర్మముంది. పాత కట్టడాల గోడలు గానుగ సున్నంతో కట్టినవి. ఆ సున్నం ఊపిరి పీలుస్తుంది. లోపలి తేమను మెల్లగా బయటికి వదులుతుంది. తొందరపడి దానిమీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది. ఉప్పు పేరుకుని గోడా, గోడమీది చిత్రమూ కలిసి రాలిపోతాయి. కనుక పాత గోడకు పాత విద్యే మందు. చిత్రాల విషయంలో నియమం ఇంకా కఠినమైనది. నేటి మరమ్మతును రేపటి నిపుణుడు విప్పగలిగేటట్లు ఉండాలి. రాలిన చోట నింపిన రంగు దూరానికి చిత్రంలో కలిసిపోవాలి. దగ్గరకు వచ్చి చూస్తే ఇది కొత్తగా వేసినదని తెలియాలి. ఇరవయ్యవ శతాబ్ది నడుమ ఇటలీలోని నిపుణులు సన్నని నిలువుగీతలతో రంగునింపే పద్ధతిని రూపొందించింది ఇందుకే. తన చేతిపనిని దాచి మోసగించకపోవడం, చాటి గొప్పలు చెప్పుకోకపోవడం అనే రెండు గుణాలూ ఆ గీతలలో ఉన్నాయి.

ఇటువంటి సంరక్షణకు జోధ్‌పూరులోని ఉమైద్‌భవన్ మంచి నిదర్శనం. కరవుకాలంలో ప్రజలకు పని కల్పించడానికి మహారాజు ఉమైద్‌సింగ్ 1929లో ఆ నిర్మాణాన్ని ప్రారంభించాడు. లాంచెస్టర్ అనే ఆంగ్ల వాస్తుశిల్పి దానికి రూపకల్పన చేశాడు. 1943 నాటికి భవనం పూర్తయింది. లండన్ నుంచి రావలసిన సామగ్రి ఓడతోసహా రెండవ ప్రపంచయుద్ధకాలంలో సముద్రంలో మునిగిపోయింది. అదే సమయంలో, యుద్ధం వల్ల స్వదేశాన్ని విడిచిన స్టెఫాన్ నార్‌బ్లిన్ అనే పోలండ్ చిత్రకారుడు భారతదేశానికి చేరాడు. లోపలి గదుల అలంకరణ ఆయన చేతికి వచ్చింది. కొంప పోగొట్టుకుని వచ్చిన ఆ పరదేశి రాముని అరణ్యవాసకథను ఆ గోడలమీద చిత్రించాడు. కాలక్రమంలో ఎండకూ, తేమకూ ఆ చిత్రాలు దెబ్బతిన్నాయి. సౌధంలో కొంతభాగం హోటలైంది, కొంతభాగం మ్యూజియమైంది, కొంతభాగంలో రాజకుటుంబం నివసించింది. 2000 తరువాతి దశాబ్దంలో పోలండ్ నుంచి సంరక్షణనిపుణులు వచ్చి తమ దేశీయుని చిత్రాలకు మళ్ళీ ప్రాణంపోశారు. కథ అయోధ్యది, చేయి పోలండుది, గోడ మార్వాడుది. వీటిలో ఏ ఒక్కటి ఎవరి సొంతమని చెప్పగలం? ఆ చిత్రాలకు సున్నం కొట్టి కొత్త బొమ్మలు తగిలించి ఉంటే హోటలుకు నష్టం వచ్చేది కాదేమో. మానవచరిత్రలో ఒక అపురూపమైన పుట మాత్రం చిరిగిపోయేది.

తిరిగి ఫలక్‌నుమాకు వద్దాం. అక్కడి చలువరాతి మెట్లదారి పొడవునా గోడమీద బ్రిటిషు పాలకుల చిత్తరువులు వరుసగా ఉన్నాయి. స్వతంత్రదేశంలో, ప్రజాస్వామ్యయుగంలో, ఆ చిత్తరువులను ఏం చేయాలి? తీసివేయాలనడం సులభం. కాని తీసివేస్తే, ఒక సంస్థానం ఎవరి నీడలో బతికిందో, ఎవరికి వంగి నమస్కరించిందో ఆ మెట్లు ఇక చెప్పవు. మారుమాట లేకుండా అలాగే ఉంచడం మరింత సులభం. అప్పుడు చరిత్ర తెలియని అతిథికి అవి ఠీవిగల ముఖాలుగా మాత్రమే కనిపిస్తాయి. ఉంచాలి; ఉంచి, వారెవరో, వారి కాలంలో జరిగిందేమిటో నాలుగు మాటలలో చెప్పాలి. చిత్రం పక్కన ఉండే చిన్న పలక చిత్రంకంటె తక్కువది కాదు. చూపును ఆపేది చిత్రమైతే, ఆలోచనను కదిలించేది పలక. హోటళ్ళు సాధారణంగా పలకలను ఇష్టపడవు. ఇల్లులా ఉండవలసినది మ్యూజియంలా కనిపిస్తుందని భయం. ఆ భయాన్ని పోగొట్టి, ఎదురుగానో పుస్తకరూపంలోనో నిజాన్ని అతిథి చేతికి అందించడం క్యూరేటర్ బాధ్యత.

పాతవాటిని కాపాడడమే కాదు, కొత్తవాటిని చేర్చడం కూడా ఈ పనిలో భాగమే. ముంబయిలో జంషెడ్జీ టాటా నిర్మింపజేసిన తాజ్ హోటలు 1903 డిసెంబరులో ప్రారంభమైంది. స్వాతంత్ర్యం తరువాత ఆ హోటలు తన గోడలకు విదేశీ నకళ్ళను వెదకక, స్వదేశపు ఆధునిక చిత్రకారుల కృతులను సేకరించింది. హుసేన్, గాయ్‌తోండే, రామ్‌కుమార్ వంటివారి చిత్రాలు అక్కడ చేరాయి. తరువాతి కాలంలో ఆ పేర్లు దేశమంతటా మారుమోగాయి. ఆ గోడలు భారతీయ చిత్రకళాచరిత్రలో ఒక ప్రకరణమయ్యాయి. ధనవంతుడు కళాకారునికి చేయగల మేలు పొగడ్త కాదు; తగిన కాలంలో తగిన ధర ఇచ్చి చిత్రాన్ని కొనడం.

2008 నవంబరు 26 రాత్రి ఆ హోటలుమీద ఉగ్రవాదులు దాడిచేశారు. మూడురోజులు సాగిన ఆ ఘోరంలో అతిథులూ, వారిని కాపాడబోయిన సిబ్బందీ ప్రాణాలు కోల్పోయారు. పాత భవనంలో మంటలు చెలరేగాయి. మనుషుల ప్రాణాలముందు చిత్రాల మాట ఎత్తడం సబబు కాదనిపిస్తుంది. కాని మంటలు చల్లారిన తరువాత మిగిలిన ప్రశ్నలలో అదీ ఒకటి. పొగలోని మసి కాన్వాసును పట్టుకుంటుంది. మంటలార్పిన నీరు గుడ్డను ముడుచుకుపోజేస్తుంది, రంగును వదులుచేస్తుంది. సముద్రతీరపు తేమకు బూజు పుడుతుంది. దెబ్బతిన్న చిత్రాలను నిపుణులు ఓపికగా శుభ్రపరిచారు. 2010 ఆగస్టు 15న పాత భవనం తిరిగి తెరుచుకుంది. ఆ తేదీని ఎంచుకోవడంలోనే ఒక సమాధానముంది. కాల్చడానికి ఒక రాత్రి చాలు. తుడిచి, అతికి, తిరిగి నిలబెట్టడానికి నెలలూ ఏళ్ళూ కావాలి. నాగరికత ఎప్పుడూ ఆ రెండవ పక్షానే నిలుస్తుంది.

ఇంత శ్రమా ఎవరికోసం అన్న ప్రశ్న మిగిలే ఉంది. ఫలక్‌నుమాలో ఒక రాత్రి బసకయ్యే ఖర్చు ఎన్నో కుటుంబాల నెలసరి సంపాదనను మించుతుంది. గుట్టకింది బస్తీలలోని విద్యార్థికి ఆ సౌధం రోజూ కనిపిస్తుంది. లోపలి చిత్రం మాత్రం కనిపించదు. ఈ ఆక్షేపణలో న్యాయముంది. దానికి మరొక పక్కా ఉంది. మూతబడిన సౌధాన్ని కాపాడడానికి ధనం కావాలి. అతిథి చెల్లించే రుసుములో నుంచి కప్పు కారకుండా, కొయ్య చెదపట్టకుండా చూసే జీతాలు వస్తాయి. ఎవరూ బస చేయని ఎన్నో మహలులు మట్టిలో కలిసిపోయాయి. ఆదాయమూ కావాలి, అందుబాటూ కావాలి. ఇదే హైదరాబాదులో, నిజాముల దర్బారు జరిగిన చౌమహల్లా ప్రాసాదం పునరుద్ధరణ పొంది మ్యూజియంగా ప్రజలకు తెరుచుకుంది. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ విభాగపు పురస్కారం దానికి లభించింది. కొద్దిపాటి టికెట్టుతో ఎవరైనా అక్కడి షాండిలియర్ల కింద నిలబడవచ్చు. ఒకే నగరం రెండు దారులనూ చూపింది. హోటలైన సౌధం కూడా వారానికొకసారైనా విద్యార్థులకు తలుపు తీస్తే, తన చిత్రాల పట్టికను అచ్చువేసి గ్రంథాలయాలకు పంపితే, ఆ రెండు దారులూ కలుస్తాయి.

ఈ ప్రశ్న మహానగరాల సౌధాలకే పరిమితం కాదు. తెలంగాణ పల్లెలలో దొరల గడీలున్నాయి. కోస్తా జిల్లాలలో జమీందారుల కోటలున్నాయి. వాటిలో కొన్ని కూలాయి. కొన్ని బడులో, కార్యాలయాలో అయ్యాయి. కొన్ని రేపు విహారగృహాలు కావచ్చు. గడీ గోడలోని చెక్కడపు సొగసు నిజమే. ఆ గోడ రాళ్ళు మోసిన వెట్టివాని చెమటా నిజమే. గడీని హోటలుగా మార్చి, తలుపుకు మెరుగుపెట్టి, వెట్టిచాకిరీ మాట చెప్పకుండా దాటవేస్తే ఆ సంరక్షణ సగమే అవుతుంది. చెక్కిన వడ్రంగి పేరు, గచ్చు చేసిన తాపీమేస్త్రి పేరు దొరికితే వాటిని దొర పేరు పక్కనే రాయాలి. దొరకకపోతే, పేరు తెలియని పనివారు చేసినదని రాయాలి. ఆ ఒక్క వాక్యం గోడకు తగిలించగల చిత్రాలన్నింటికంటె విలువైనది.

ఏ ఊరిలోనైనా ఒక పాత గుడి మండపంమీదనో, పాత లోగిలి గోడమీదనో సున్నపు పొరల వెనుక వెలిసిన రంగులు ఉండనే ఉంటాయి. పండుగకు మళ్ళీ సున్నం కొట్టేముందు ఒక్క క్షణం ఆగి, దీని వెనుక ఏముందో చూద్దామని అడిగే మనిషి ఆ ఊరికి కావాలి. ఆ ప్రశ్న అడగడానికి హోదా అక్కరలేదు, పట్టా అక్కరలేదు. కావలసింది, తన కంటె ముందు బతికినవారు తనకు ఏదో చెప్పదలచారన్న నమ్మకం. ఆ మాటను తన తరువాతివారికి చెరపకుండా అప్పగించాలన్న పట్టుదల.